ఉమ్మడి నిల్వ వ్యవస్థలో ప్రాధాన్యతల నిర్వహణ

అనేక సర్వర్లు ఒకే నిల్వ వ్యవస్థను (స్టోరేజి) పంచుకొన్నపుడు, ఏ సర్వరు కోరికను ముందు తీర్చవలెనో, దేనిని ఎంతవరకు ఆపవలెనో నిర్ణయించే పద్ధతిని ప్రాధాన్యతల నిర్వహణ అంటారు. దీనినే స్టోరేజి క్వాలిటీ ఆఫ్ సర్వీస్ అని కూడా వ్యవహరిస్తారు. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక ప్రాంతాలలోని మందుల కర్మాగారాల వంటి చోట్ల దీని అవసరం స్పష్టంగా కనిపిస్తుంది.

నేపథ్యం

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కులో కావలసిన సమాచారం చదివే మొన కిందికి రావడానికి సగటున 4.17 మిల్లీసెకన్లు పడుతుంది. మొన జరగడానికి మరో 8 మిల్లీసెకన్లు పట్టినచో, అటువంటి డిస్కు సెకనుకు సుమారు 80 కోరికలను మాత్రమే తీర్చగలదు. 25 డిస్కులున్న వ్యవస్థ సామర్థ్యం సెకనుకు 2,000 కోరికలు. డిస్కులు రెయిడ్-5 అమరికలో ఉంటే చిన్న రాత ఒక్కొక్కటి నాలుగు పనులుగా మారుతుంది కనుక రాతల సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. ఫ్లాష్ డిస్కులు ఎన్నో రెట్లు వేగమైనవే అయినా వాటికీ ఒక హద్దు కలదు.

సమస్య

వరుసలో ఉన్న కోరికల సంఖ్యను సెకనుకు తీరే కోరికల సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ కాలం వస్తుంది. దీనిని లిటిల్ సూత్రం అంటారు. పై వ్యవస్థలో 40 కోరికలు వరుసలో ఉంటే నిరీక్షణ 20 మిల్లీసెకన్లు. అదే సమయంలో బ్యాకప్ సర్వరు మరో 160 కోరికలను పంపితే నిరీక్షణ 100 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. ఏ తప్పూ చేయని ఉత్పత్తి విభాగపు సర్వరు కూడా అయిదు రెట్లు ఆగవలసి వస్తుంది. ఇటువంటి స్థితికి కారణమైన సర్వరును గోల చేసే పొరుగువాడు అని చమత్కారంగా పిలుస్తారు.

మందుల కర్మాగారంలో ఇది కేవలం విసుగు కలిగించే ఆలస్యం కాదు. అమెరికాకు మందులు ఎగుమతి చేసే సంస్థల ఎలక్ట్రానిక్ రికార్డులకు 1997లో వెలువడిన 21 సి.ఎఫ్.ఆర్. 11వ భాగపు నియమాలు వర్తిస్తాయి. బ్యాచ్ రికార్డు గాని, ప్రయోగశాల పరీక్షా ఫలితం గాని సకాలంలో నమోదు కాకపోతే ఆ బ్యాచ్ విశ్వసనీయతే ప్రశ్నార్థకం కాగలదు.

మూడు సాధనాలు

* కనీస వాటా: ఎంత రద్దీ ఉన్నా సర్వరుకు తప్పక దక్కవలసిన భాగం. కనీస వాటాల మొత్తం వ్యవస్థ సామర్థ్యాన్ని మించరాదు.
* గరిష్ఠ పరిమితి: సర్వరు దాటరాని హద్దు.
* భారాంకం: కనీస వాటాలు పోగా మిగిలిన దానిని పంచుకొనే నిష్పత్తి.

ఉదాహరణకు ఉత్పత్తి రికార్డులకు 800, ప్రయోగశాలకు 400, బ్యాకప్‌కు 100 కనీస వాటాలుగా ఇచ్చారనుకొందాం. మిగిలిన 700ను 4:2:1 నిష్పత్తిలో పంచితే వాటికి వరుసగా 1,200, 600, 200 దక్కుతాయి. రాత్రి ఉత్పత్తి ఆగినపుడు మిగులు 1,500 అవుతుంది. దానిని 2:1 నిష్పత్తిలో పంచితే ప్రయోగశాలకు 1,400, బ్యాకప్‌కు 600 వస్తాయి. బ్యాకప్‌కు 500 గరిష్ఠ పరిమితి ఉంటే ఆ 100 కూడా ప్రయోగశాలకే చేరుతుంది.

మంజీరపై 29.91 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన సింగూరు జలాశయపు నీటిని హైదరాబాదు తాగునీటికి, దిగువనున్న నిజాంసాగర్‌కు, స్థానిక సాగుకు పంచే పద్ధతితో దీనిని పోల్చవచ్చును. అయితే ఒక ముఖ్యమైన భేదం కలదు. నేడు వాడని నీరు రేపటికి మిగులుతుంది. ఈ సెకనులో వాడని డిస్కు సామర్థ్యం తిరిగి రాదు. అందువలన ఖాళీగా ఉన్న వాటాను వెంటనే ఇతరులకు ఇవ్వడమే మంచి పద్ధతి.

అమలు

లినక్స్ 2.6.13లో (2005) ప్రక్రియలకు డిస్కు ప్రాధాన్యతను నిర్ణయించే అయోనైస్ సౌకర్యం వచ్చినది. వీఎంవేర్ సంస్థ 2010లో వీస్ఫియర్ 4.1తో ఈ నియంత్రణను ఉమ్మడి నిల్వకు విస్తరించినది. అందులో నిరీక్షణ 30 మిల్లీసెకన్లు దాటినపుడు భారాంకాలు అమలులోకి వచ్చేవి. పై మూడు సాధనాలను కలిపిన ఎమ్‌క్లాక్ విధానం కూడా 2010లోనే ప్రచురితమైనది. సూపర్‌కంప్యూటర్లలో వాడే లస్టర్ ఫైలు వ్యవస్థలో 2014 నుండి టోకెన్ బకెట్ పద్ధతి ఉన్నది. కంది వద్ద గల ఐఐటీ హైదరాబాదులోని పరమ్ సేవ (838 టెరాఫ్లాప్స్) వంటి యంత్రాలను అనేక పరిశోధకులు ఏకకాలంలో వాడుకొంటారు కనుక ఉమ్మడి నిల్వ పంపకం వాటిలోనూ ముఖ్యమే.

జాగ్రత్తలు

తక్కువ ప్రాధాన్యత అంటే అక్కరలేని పని అని అర్థం కాదు. ఒక్కో కోరిక 64 కిలోబైట్లు అనుకొంటే, 720 గిగాబైట్ల బ్యాకప్ సెకనుకు 200 కోరికలతో సుమారు 16 గంటలు, 500తో 6 గంటలకు కాస్త పైగా తీసుకొంటుంది. మొదటి సందర్భంలో తెల్లవారేసరికి బ్యాకప్ పూర్తి కాదు; ఆ రోజు డిస్కులు చెడిపోతే రికార్డులు దక్కవు. అన్ని సర్వర్లకూ అత్యధిక ప్రాధాన్యత ఇస్తే ఎవరికీ ప్రాధాన్యత లేనట్లే అవుతుంది. కనీస వాటాల మొత్తమే సామర్థ్యాన్ని మించినపుడు ఏ సర్దుబాటూ పనిచేయదు. డిస్కులు పెంచడమో, కొన్ని పనులను వేరే వ్యవస్థకు తరలించడమో తప్పదు.