మణికట్టు మీది లెక్క

వ్యాయామవేళ మణికట్టున ధరించు గడియారము నాడి నెట్లు లెక్కించును? దాని యడుగున ఆకుపచ్చని చిన్ని దీపము వెలుగుచుండును. ఆ కాంతిని నెత్తురు పీల్చుకొనును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల నెత్తురు పొంగి, తిరిగివచ్చు వెలుతురు తగ్గును. ఆ హెచ్చుతగ్గులనే యంత్రము లెక్కించును. చేయి ఊగినను, పట్టీ వదులైనను లెక్క చెడును.

2017లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 60 మందిచే ఏడు పరికరములను ధరింపజేసి పరీక్షించిరి. బైసికిలు త్రొక్కునపుడు ఆరింటి నాడిలెక్కలో తప్పు నూటికి 5 లోపే. ఖర్చైన శక్తి విషయమో! అన్నిటికన్న మేలైనదే నూటికి 27 తప్పినది, కడపటిది 93! శక్తిని యంత్రము కొలువదు సుమండీ. నాడి, కదలిక, బరువు, వయస్సులనుబట్టి ఊహించును. కనుక నాడిని కొంత నమ్ముదును గాని, వైద్యుడు మితాహారము విధించినవారు ఆ క్యాలరీల యంకె చూచి మరి రెండు గారెలు వడ్డించుకొనుట కొప్పుకొనజాలను.