పక్కింటి గిన్నె

2025 రంజాన్ రోజు. పక్కింటావిడ ఎప్పటిలాగే స్టీలు గిన్నెలో షీర్‌ఖుర్మా తెచ్చారు. మావాడికి అప్పుడు ఐదేళ్లు. గుమ్మంలోనే నిలబడి, "అది మన పండగది కాదు. నేను తినను" అనేశాడు. ఎక్కడ విన్నాడో, ఎవరు చెప్పారో! "చిన్నపిల్లాడు, పోనిద్దురూ" అని ఆవిడ నవ్వారు గానీ మొహం చిన్నబోయింది. నాకైతే తల కొట్టేసినట్లయింది. మా అమ్మాయి పుట్టినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ వీడికి గోరుముద్దలు తినిపించింది ఆవిడే మరి.

ఆ సాయంత్రం బాగా కోప్పడ్డాను. ఏడ్చాడు, అంతే. తిట్లు తిన్నాడు గానీ షీర్‌ఖుర్మా తినలేదు. గిన్నె తోమి పెట్టాను. ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఏం పెట్టివ్వాలో తోచక, మొహం చెల్లక మూడు వారాలు అలమరాలోనే ఉంచేశాను.

అంతలో ఈస్టర్ వచ్చింది. కొన్నేళ్లు దుబాయిలో ఉండొచ్చిన మా వదిన ఫోన్లో మాటల మధ్య 'మామూల్' గురించి చెప్పింది. పేరు మామూలే గానీ సంగతి మామూలుది కాదు! లెబనాన్, సిరియా, పాలస్తీనాల్లో ముస్లింలు రంజాన్‌కీ, క్రైస్తవులు ఈస్టర్‌కీ ఇదే చేసుకుంటారు. ఒకే వంటకం, రెండు పండగలు. మావాడికి చెప్పాల్సింది ఇదే అనిపించింది. కానీ చెబితే వింటాడా? అందుకే చేయించాను.

రెండు కప్పుల సన్న బొంబాయిరవ్వ, అరకప్పు మైదా, ముప్పావు కప్పు కరిగించిన నెయ్యి కలిపి, రవ్వకు నెయ్యి పట్టేలా అరచేతులతో రుద్ది రాత్రంతా నాననివ్వాలి. పొద్దున్నే నాలుగు చెంచాల పంచదార పొడి వేసి, గోరువెచ్చని పాలు చిలకరిస్తూ ముద్ద చేయాలి. గింజ తీసిన ఖర్జూరం కాస్త నెయ్యితో మెత్తగా నూరి, చిన్న ఉండలు చేసి లోపల పెట్టి మూసేయాలి. పూర్ణంబూరెల్లో పూర్ణం పెడతామే, అలాగన్నమాట. ఓవెన్‌లో 180 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు చాలు. ఓవెన్ లేనివారు అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఉప్పు పోసి, వేడెక్కాక పళ్లెం పెట్టి, మూతేసి సన్నసెగ మీద కాల్చుకోవచ్చు. మొదటిసారి నేను తొందరపడి రవ్వను గంట మాత్రమే నాననిచ్చాను. అన్నీ పగుళ్లిచ్చి పొడిపొడి అయిపోయాయి. ఆ పొడిని పిల్లలు చెంచాలతో తినేశారనుకోండి!

రెండోసారి కుదిరాయి. పైన ఫోర్కుతో గీతలు పెట్టే పని మావాడిదే. అక్కడి వాళ్లకు వీటికోసం చెక్కడాలున్న చెక్క అచ్చులుంటాయని చెబితే, మన కజ్జికాయల చెక్క తెచ్చి చూపించాడు. ఎనిమిది మామూళ్లు ఆ గిన్నెలో సర్ది, "నువ్వే ఇచ్చిరా" అన్నాను. తటపటాయించి వెళ్లాడు. అరగంటైనా రాలేదు. వెళ్లి చూస్తే, ఆవిడ ఒళ్లో కూర్చుని ఖర్జూరం ఎలా నూరామో వివరిస్తున్నాడు!

ఆ తర్వాత వాడే అడగడం మొదలెట్టాడు. క్రిస్మస్‌కి గులాబీపువ్వులు చేస్తూ, నార్వేలోనూ ఈ పండక్కి ఇలాంటి ఇనప అచ్చునే పిండిలో ముంచి వేయిస్తారని చెప్పాను. సంక్రాంతికి అరిసెల పిండి దంచుతుంటే జపాన్‌వాళ్ల మోచీ గురించి చెప్పాను. వాళ్లు జిగురుబియ్యం నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, రోట్లో కొయ్య సుత్తితో దంచుతారు. అయితే మోచీ మాత్రం చేయలేదు. గొంతులో అడ్డం పడి జపాన్‌లోనే ఏటా కొత్త సంవత్సరానికి ముసలివాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకుంటుంటారు. ఇక పసిపిల్లలకెలా పెడతాం?

వాడికి అన్నిటికన్నా నచ్చింది చైనావాళ్ల వంటింటి దేవుడి కథ. కొత్త సంవత్సరానికి ముందు ఆయన పైలోకం వెళ్లి ఇంటి సంగతులన్నీ చెప్పేస్తాడట. అందుకని మన జీళ్లలాంటి జిగురు మిఠాయి పెట్టి నోరు అంటుకుపోయేలా చేస్తారు. "నేను చెల్లిని కొట్టిందీ చెప్పేస్తాడా?" అని ఒకటే బెంగ.

ఇరుగుపొరుగు పిల్లలకు పంచేటప్పుడు ముందు వాళ్ల అమ్మల్ని అడగండి. వేరుసెనగ, జీడిపప్పు, గుడ్డు పడని పిల్లలుంటారు. ఐదేళ్లలోపు వారికి పప్పులు పలుకుగా పెట్టకూడదు, పొడి కొట్టాల్సిందే. ఏడాది నిండని పాపలకు తేనె నాకించకూడదు. మా అత్తగారు ఒప్పుకోలేదు గానీ, డాక్టరుగారు చెప్పాక ఊరుకున్నారు.

ఈ ఏడు రంజాన్ నాడు పొద్దుటి నుంచీ మావాడు గుమ్మంలోనే ఉన్నాడు. గిన్నె రాగానే చెల్లికీ తనకూ గ్లాసుల్లో పోయించుకున్నాడు. చెల్లి గ్లాసులోంచి జీడిపప్పులన్నీ చెంచాతో ఏరేసి, "దానికింకా ఐదేళ్లు రాలేదుగా అమ్మా" అంటూ తన నోట్లో వేసుకున్నాడు.