పాత టేకుసామాను – లక్క మెరుగు

ఖమ్మము, భద్రాచలము అడవుల అంచున నున్న పాత యిండ్లనేకములలో టేకు మంచమో, పడకకుర్చీయో, భోషాణమో నేటికిని కానవచ్చును. ఒకప్పుడు ఈ ప్రాంతపు కలప తెప్పలుగా కట్టబడి, పాపికొండల నడుమ గోదావరిపై రాజమహేంద్రవరమునకు సాగిపోయెడిది. 1959 వరకు భద్రాచలము తూర్పుగోదావరి జిల్లాలోనిది. పిమ్మట ఖమ్మము జిల్లాలో చేరెను. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఏలుబడులు మారినను ఆ కలప చేవ మారలేదు.

చేవదేరిన దూలము నిచ్చుటకు టేకుచెట్టునకు 50 మొదలు 80 సంవత్సరములు పట్టును. నల్లబడినదని పాతకుర్చీని పొయ్యిలో పెట్టుట ఒక తరము పెంపకమును బూడిద చేయుటయే. టేకు చేవలో సహజముగా నుండు తైలము చెదను దరిచేరనీయదు. కావున చాలచోట్ల చెడినది పైపూతయే కాని చెక్క కాదు.

మొదట ఆ పూత యేదో తెలిసికొనవలెను. కంటబడని మూలను స్పిరిటులో తడిపిన దూదితో రుద్దుడు. పూత జిగటగా కరగినచో అది లక్కపూత. కరగనిచో నూనెవార్నీషో, రంగో కావచ్చును. లక్కపూత గట్టిగా నున్నచో దానిని తీసివేయ నక్కరలేదు. టర్పెంటైనుతో మురికిని తుడిచి, దానిపైననే క్రొత్త లక్క వేయవచ్చును. క్రొత్తపూత పాతపూతను కొంచెము కరగించి దానితో నేకమగును. నూనెవార్నీషున కీ గుణము లేదు.

రంగు వేసిన సామాను విషయమున మాత్రము జాగ్రత్త వలయును. ఇంటి రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లకు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరునుండియే అమలులోనికి వచ్చెను. అంతకుముందటి రంగును పొడిగా గీకినచో ఆ ధూళి పసిపిల్లలకును, గర్భిణులకును హాని చేయును. తడిపి గీకి, ఆ తుక్కును మూటగట్టి పారవేయవలెను. కాస్టిక్ సోడా నీటిలో నానవేయుట తగదు. చెక్క నల్లబడును, కుసులు వదులగును.

వదులైన కుసులకు బంక పెట్టి బిగించిన పిదప, ఉప్పుకాగితముతో చెక్క నార పోవు దిక్కుననే రుద్దవలెను. మొదట 120 సంఖ్య, తరువాత 180, తుదకు 220. అడ్డముగా రుద్దిన గీతలు మెరుగు పెట్టినకొలది స్పష్టముగా కనబడును.

ఇక లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల రెమ్మలపై లక్కపురుగు కట్టు గూటినుండి వచ్చు పదార్థమిది. పూర్వపు గ్రామఫోను రికార్డులును దీనితో చేసినవే. దీనిని శుద్ధిచేసిన రేకులను వడ్రంగులు చపడా యందురు. లీటరు స్పిరిటునకు 120 గ్రాముల చపడా వేసి, ఒక రాత్రి యుంచి, గుడ్డలో వడకట్టవలెను. దూదిని పాత నూలుగుడ్డలో చుట్టి, ఆ ద్రావకమున ముంచి పిండి, ఆగక పలుచగా రాయవలెను. ఒక్కొక్క పూత గంటసేపు ఆరవలెను. నాలుగైదు పూతలు చాలును. వానకాలమున ఈ పని పెట్టుకొనరాదు. గాలిలోని తేమవలన పూత తెల్లబారును. సంక్రాంతి తరువాతి పొడిదినములు అనుకూలములు.

లక్క వేడికిని నీటికిని ఓర్వదు. దానిపై వేడికాఫీ గ్లాసు పెట్టినచో తెల్లని వలయము పడును. కావున భోజనపు బల్లకు నూనెవార్నీషు మేలు; కుర్చీలకు, బీరువాలకు లక్క తగును.

రెండు హెచ్చరికలు. స్పిరిటు మండును, త్రాగినచో ప్రాణాపాయము. పొయ్యికిని పిల్లలకును దూరముగా, తలుపులు తెరచి పనిచేయవలెను. అవిసెనూనె వాడినచో, ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. వానిలో వేడి పుట్టి తమంత తామే అంటుకొనును. నీటిలో తడిపియో, ఆరుబయట విడివిడిగా పరచియో ఉంచవలెను.

తొలుత ఒక చిన్న పీటతో ఆరంభించుడు. చేయి కుదిరిన పిమ్మట తాతగారి కుర్చీని ముట్టవచ్చును.