ఎసి గోడకు, అనుమతి మీటరుకు

కిమ్‌లో ఇంటికి ఎసి పెట్టుకోవడానికి ప్రత్యేక పర్మిట్ అంటూ ఏదీ లేదు. అడగాల్సిన అనుమతి ఒకటుంది. చాలామంది దాన్ని అడగరు. అద్దెకుండేవారు అడగలేమనుకుంటారు

సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్లే రైలు మార్గంలో, ఓల్పాడ్ తాలూకాలో ఉంటుంది కిమ్. చుట్టూ మరమగ్గాల షెడ్లు, వాటిలో పనిచేసేవారి అద్దె ఇళ్లు. మగ్గాల దగ్గర షిఫ్టు మామూలుగా పన్నెండు గంటలు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు పగలు పడుకోవాలి. మే నెలలో మిట్టమధ్యాహ్నం రేకుల కప్పు కిందో, ఎండకు కాగిన శ్లాబు కిందో నిద్ర పట్టడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. అందుకే ఒకప్పుడు బ్యాంకుల్లోనూ నగల దుకాణాల్లోనూ మాత్రమే కనిపించిన ఎసి ఇప్పుడు రెండు గదుల ఇళ్లలోకీ వచ్చేసింది.

సూరత్ ప్రాంతం తెలుగువారికి కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే ఇక్కడి మగ్గాలను వెతుక్కుంటూ వచ్చాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడపడమే అందుకు నిదర్శనం. తెలంగాణ పొడి ఎండకు నీళ్ల కూలరు సరిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి కూలరు పెట్టినా ఉక్కపోత తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది. మిగిలిన దారి ఎసి ఒక్కటే.

దుకాణంలో వాయిదాల మీద ఎసి కొంటారు. మర్నాడు మెకానిక్ వచ్చి గోడకు బెజ్జం వేసి బిగించి వెళతాడు. ఎవరూ ఏ కాగితమూ అడగరు. అమెరికాలో స్థిరపడిన బంధువులకు ఈ మాట చెబితే ఆశ్చర్యపోతారు. టెక్సాస్‌లో ఎసి పనిచేసే కాంట్రాక్టరుకు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. అక్కడి చాలా నగరాల్లో పాత యంత్రం తీసి కొత్తది పెట్టినా నగర కార్యాలయంలో పర్మిట్ తీసుకోవాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్లాలి. ఇక్కడ అలాంటి తతంగం లేదు. అపార్టుమెంట్‌లో అయితే బయటి గోడ అందరిదీ కాబట్టి ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ బిగించాలో, నీళ్ల గొట్టం ఎటు వదలాలో సొసైటీతో ముందే మాట్లాడుకుని, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవడం మంచిది. అంతటితో పని అయిపోయిందని అందరూ అనుకుంటారు.

కానీ అసలు అనుమతి ఉన్నది గోడ దగ్గర కాదు, మీటరు దగ్గర.

లోడు లెక్క

సూరత్ నగరంలో చాలా భాగానికి టోరెంట్ పవర్ కరెంటు ఇస్తుంది. కిమ్ మాత్రం ప్రభుత్వ సంస్థ అయిన దక్షిణ గుజరాత్ విజ్ కంపెనీ (డిజివిసిఎల్) పరిధిలోకి వస్తుంది. పాత గుజరాత్ విద్యుత్ బోర్డును 2005లో విడగొట్టినప్పుడు పంపిణీ బాధ్యత చేపట్టిన నాలుగు కంపెనీల్లో ఇదొకటి. ప్రతి ఇంటికీ కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఇంత లోడు అని కంపెనీ మంజూరు చేస్తుంది. ఫ్యాన్లు, బల్బులు, టీవీ ఉన్న రోజుల్లో తీసుకున్న కనెక్షన్లకు ఆ లోడు ఒకటి రెండు కిలోవాట్లకు మించి ఉండదు.

ఇప్పటి ఇంటి లెక్క చూడండి. ఒకటిన్నర టన్నుల ఎసి నిండుగా నడిచేటప్పుడు సుమారు 1.6 కిలోవాట్లు లాగుతుంది. స్నానాల గదిలో గీజరు 2 కిలోవాట్లు. కిమ్ చలికి గది వెచ్చచేసుకునే యంత్రం అక్కర్లేదు గానీ గీజరు పెట్టుకునేవారు ఉంటారు. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి మరో అర కిలోవాటు. మొత్తం నాలుగు దాటింది. మీటరు మీద మంజూరైంది మాత్రం రెండు.

దీనివల్ల వచ్చే ముప్పు రెండు రకాలు. మొదటిది తీగది. రెండు కిలోవాట్ల కోసం వేసిన సన్నటి తీగలోంచి నాలుగు కిలోవాట్లు వెళితే అది వేడెక్కుతుంది, పైతొడుగు కరుగుతుంది. వీధిలో పది ఇళ్లవారు ఇదే పని చేస్తే ఆ భారం ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. ఏ ఇంట్లో ఎంత లోడు ఉందో కంపెనీ లెక్కల్లో లేనప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సిన అవసరం కూడా లెక్కల్లోకి రాదు. వేసవి రాత్రి ఫ్యూజు ఎగిరిపోయి వీధంతా చీకటైతే అందరూ కంపెనీని తిడతారు. కారణంలో కొంత భాగం తమ గోడ మీదే వేలాడుతోందని గుర్తించేవారు తక్కువ.

రెండో ముప్పు చట్టానిది. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగానికి రెట్టింపు రేటుతో బిల్లు వేయవచ్చు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందరి పన్నెండు నెలలకు లెక్క కడతారు. దాని మీద అప్పీలు చేయాలంటే వేసిన మొత్తంలో సగం ముందుగా కట్టాలి. మంజూరైన లోడు దాటి వాడడం కూడా అనధికార వినియోగమేనని ఒడిశాకు చెందిన సీతారాం రైస్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అదనపు లోడు వాడిన వినియోగదారులకు మినహాయింపునిచ్చే కేరళ నిబంధనను 2022 డిసెంబరులో కొట్టివేసింది. ఇంటి మీటరే కదా అని ధీమాగా ఉండే వీలు లేకుండా పోయింది.

భయం ఒకటి, ఖర్చు మరొకటి

లోడు పెంచమని అడిగితే బిల్లు పేలిపోతుందన్న భయంతోనే చాలామంది ఆ కాగితం జోలికి పోరు. డిజివిసిఎల్ టారిఫ్ చూస్తే అందులో నిజం తక్కువ. 2024-25 టారిఫ్ ప్రకారం గృహ కనెక్షన్‌కు నెలవారీ స్థిర చార్జీ 2 కిలోవాట్ల వరకు రూ.15, 2 నుంచి 4 వరకు రూ.25, 4 నుంచి 6 వరకు రూ.45, ఆపైన రూ.70. అంటే పై లెక్కలోని ఇల్లు రెండు నుంచి నాలుగు దాటి వెళ్లినా నెలకు అదనంగా పడేది ముప్పై రూపాయలు. దానికితోడు ఒకసారి కట్టాల్సిన చార్జీలు, డిపాజిట్ ఉంటాయి. నెల బిల్లు పెరిగేది ఎసి తాగే యూనిట్ల వల్లే. లోడు రాయించుకున్నా మానుకున్నా ఆ యూనిట్లు తప్పవు.

పని జరగాల్సిన తీరు కూడా కష్టమైనదేమీ కాదు. కంపెనీ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి, లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు వైరింగ్ పరీక్షించి ఇచ్చిన టెస్ట్ రిపోర్టు జతచేయాలి, డబ్బు కట్టాలి. కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు కొత్త కనెక్షన్‌కే కాదు, ఉన్న కనెక్షన్‌లో మార్పుకూ గడువు పెట్టాయి. 2024 సవరణ తర్వాత ఆ గడువు మహానగరాల్లో 3 రోజులు, ఇతర మునిసిపల్ ప్రాంతాల్లో 7, గ్రామీణ ప్రాంతాల్లో 15 రోజులు.

స్మార్ట్ మీటరు వచ్చాక దాపరికానికి ఎలాగూ చోటుండదు. ఇల్లు ఏ క్షణాన గరిష్ఠంగా ఎంత లాగిందో అది రాసిపెడుతుంది. అయితే 2023లో వచ్చిన సవరణ వినియోగదారుడికి రెండు రక్షణలు ఇచ్చింది. స్మార్ట్ మీటరు చూపిన గరిష్ఠ డిమాండును పట్టుకుని, ఆ మీటరు పెట్టకముందు కాలానికి జరిమానా వేయకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు లోడు దాటితేనే దాన్ని పెంచాలి.

అద్దె ఇంట్లో ఎవరి పేరు?

ఈ లెక్కలన్నీ సొంత ఇల్లున్నవారికి సరే. కిమ్ చుట్టుపక్కల మగ్గాల మీద బతికేవారిలో ఎక్కువమంది అద్దెకుండేవారే. మీటరు ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. ఒకే మీటరు మీద నాలుగైదు పోర్షన్లు నడవడమూ కద్దు. లోడు పెంచమంటే యజమాని ఒప్పుకోడు. కనెక్షన్ కాగితం మీద మరొకరి పేరు చేరితే రేపు ఇంటి మీద హక్కు అడుగుతారేమోనని అతని అనుమానం. అడిగితే ఖాళీ చేయమంటాడేమోనని కిరాయిదారు భయం. దాంతో ఎసి వస్తుంది, అనుమతి రాదు.

చట్టం మాత్రం ఇద్దరినీ ఒకే వాక్యంలో పెట్టింది. విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు చేసుకునే హక్కు ఇంటి యజమానితో పాటు అందులో ఉంటున్నవారికీ ఉంది. 2022 మే 13న దిలీప్-సతీష్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. కరెంటు మనిషికి కనీస వసతి, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న ఒక్క కారణంతో కిరాయిదారుకు నిరాకరించడానికి వీల్లేదు, దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా అన్నదే కంపెనీ చూడాలి అన్నది ఆ తీర్పు సారాంశం. అద్దె ఒప్పందం కాగితం మీద ఉన్నవారికి ఇది గట్టి ఆధారం. నోటిమాట మీద ఇల్లు తీసుకున్నవారికి మాత్రం తామక్కడ ఉంటున్నామని చూపించడమే మొదటి పరీక్ష. ఇల్లు తీసుకునే రోజునే ఒప్పందం రాయించుకోవడం, మీటరు ఎంత లోడుదో, ఎన్ని పోర్షన్లకు పంచారో అడిగి తెలుసుకోవడం అందుకే ముఖ్యం.

ఎసి లేకుండా గదిని కాస్త చల్లబరిచే దారులూ లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఎండను తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి చేసింది. చిన్న ఇంటి శ్లాబుకు తెల్ల సున్నమో, రిఫ్లెక్టివ్ పెయింటో వేయడానికి ఏ కార్యాలయం అనుమతీ అక్కర్లేదు. కప్పు వేడి తగ్గితే ఎసి మీద భారమూ తగ్గుతుంది. గీజరు, ఎసి ఒకేసారి వేయకపోవడం, ఎసికి విడిగా మందపాటి రాగి తీగ, ఎంసిబి, సరైన ఎర్తింగ్ పెట్టించడం ఎవరైనా చేయగలిగినవే. వీటివల్ల ప్రమాదం తగ్గుతుంది గానీ మంజూరైన లోడు మారదు. తనిఖీ సిబ్బంది చూసేది దాన్నే.

ఎసి కొనే ముందు అందరూ పెట్టె మీది నక్షత్రాలు లెక్కపెడతారు. దానికంటే ముందు చూడాల్సింది పాత కరెంటు బిల్లు. మంజూరైన లోడు ఎంతో అందులో రాసే ఉంటుంది.