నాబ్‌లు నాలుగూ ఫుల్లో!

మీకు తెలుసా? గర్జించే గొంతుల డెత్ మెటల్ సంగీతం అభిమానులు ఇప్పటికీ నెత్తిన పెట్టుకునే ఆల్బమ్ ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’. స్వీడన్ బ్యాండ్ ఎంటూమ్డ్ దాన్ని స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో 1989 డిసెంబరులో రికార్డు చేసింది. మరుసటి ఏడాది జూన్‌లో విడుదలైంది. గుండెలదిరేలా గర్జించిన గాయకుడు ఎల్-జీ పెట్రోవ్, డ్రమ్స్‌ని చితక్కొట్టిన నికె ఆండర్సన్... ఆ డిసెంబరుకి ఇద్దరి వయసూ ఎంతో చెప్పుకోండి చూద్దాం! పదిహేడు! మన లెక్కలో ఇంటర్ పిల్లలు!

మీకు తెలుసా? ఈ ఆల్బమ్‌లో గిటార్ మోతకు చెట్లు కోసే మోటారు రంపం పేరే పెట్టారు అభిమానులు. అంత మోత రావాలంటే ఎంత పెద్ద యంత్రం కావాలి? అరచేతిలో పట్టేంత చాలు! జపాన్ కంపెనీ బాస్ తయారుచేసిన హెచ్ఎం-2 పెడల్ అది. గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య నేల మీద పెట్టి, కాలితో నొక్కే నల్ల పెట్టె.

దానికి నాబ్‌లు నాలుగే. ఒకటి శబ్దం పెంచుతుంది. ఒకటి కింది స్వరాలకు బరువిస్తుంది. ఒకటి పై స్వరాలకు పదును పెడుతుంది. నాలుగోది శబ్దాన్ని గరగరలాడిస్తుంది. ఎవరైనా కొంచెం కొంచెంగా తిప్పుతూ, చెవి ఒగ్గి వింటూ సరిచూసుకుంటారు. ఎంటూమ్డ్ వాళ్లు నాలుగింటినీ చివరికంటా తిప్పేశారు! రహస్యం అంతే. ఆ ఒక్క తిప్పుడుతో ఒక దేశపు సంగీతానికే కొత్త గొంతు వచ్చేసింది!

ఆ తిప్పుడు మొదలెట్టింది ఎవరనుకున్నారు? ఎంటూమ్డ్‌కి ముందున్న నిహిలిస్ట్ బ్యాండ్ గిటారిస్టు లీఫ్ కుజ్నర్ అంటారు. ఎంటూమ్డ్ ఆల్బమ్ వచ్చేసరికి ఆయన బ్యాండ్‌లోనే లేడు. మోత మాత్రం మిగిలిపోయింది!

ఇంకో సంగతి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ కూడా ఇదే పెడల్ వాడారు, తెలుసా? అవునండీ, కళ్లు మూసుకుని వినే ఆ మెత్తని గిటార్ ఆయనదే! పెట్టె అదే, నాబ్ తిప్పే చెయ్యే వేరు!

హెచ్ఎం-2 అమ్మకానికి వచ్చింది 1983లో. తయారీ ఆగిపోయింది 1991లో. అంటే దానికి చిరకీర్తి తెచ్చిన ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడాదే బంద్! ఇక పాత పెడళ్ల కోసం ఒకటే వేట. చివరికి 2020లో కంపెనీ దాన్ని కొత్తగా మళ్లీ తయారుచేసింది. 29 ఏళ్ల తర్వాత పునర్జన్మ!

మీకు తెలుసా? నిహిలిస్ట్ 1989లో రద్దయింది. కొద్ది రోజులకే అదే కుర్రాళ్లు ఎంటూమ్డ్‌గా ప్రత్యక్షమయ్యారు, ఒక్క బేస్ గిటారిస్టు జానీ హెడ్లుండ్ తప్ప! ‘నువ్వు వద్దు’ అని మొహం మీద చెప్పలేక మొత్తం బ్యాండ్‌నే రద్దు చేశారన్నమాట. ఆయనేం తక్కువ తిన్నాడా? అన్‌లీష్డ్ అనే సొంత బ్యాండ్ పెట్టి తనూ పేరు తెచ్చుకున్నాడు. ఒక మొహమాటం, రెండు బ్యాండ్లు!

ఇప్పుడు అసలు గమ్మత్తు. గాయకుడు పెట్రోవ్ అంతకుముందు మోర్బిడ్ అనే బ్యాండ్‌లో డ్రమ్మర్! ఎంటూమ్డ్ రెండో ఆల్బమ్ ‘క్లాండెస్టైన్’ నాటికి ఆయన బ్యాండ్‌లో లేడు. అట్ట మీద గాయకుడిగా వేరొకరి పేరు వేశారు. పాడింది ఎవరు? డ్రమ్మర్ నికె ఆండర్సన్! డ్రమ్మర్ గాయకుడయ్యాడు, గాయకుడి చోట డ్రమ్మర్ పాడాడు. పెట్రోవ్ తర్వాత మళ్లీ వచ్చి చేరాడు. ఆ మహా గొంతు 2021లో, 49 ఏళ్లకే ఆగిపోయింది. అయ్యో, ఎంత తొందర!

‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ అనే పాట ఆరున్నర నిమిషాల పైచిలుకు. సగానికి పైగా పరుగే పరుగు. ఉన్నట్టుండి వేగం పడిపోతుంది. పదేపదే తిరిగే బరువైన గిటార్ వరస మీద ఒక దిగులు రాగం తేలి వస్తుంది. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే చోటు అదే! నన్నడిగితే ఆల్బమ్ మొత్తానికీ గుండెకాయ అదే. ఆ రాగం ఎక్కడిదో తెలుసా? 1979 నాటి అమెరికన్ హారర్ సినిమా ‘ఫాంటాజమ్’ది!

ఆగండి, అయిపోలేదు! ఆ సినిమా సంగీత దర్శకులు ఇద్దరు. ఒకరి పేరు మాల్కమ్ సీగ్రేవ్. ఈ ఆల్బమ్ అట్ట మీద బొమ్మ గీసిన ఇంగ్లండ్ చిత్రకారుడి పేరు? డాన్ సీగ్రేవ్! లోపలి రాగానికీ, పైన బొమ్మకీ ఒకే ఇంటిపేరు! అన్నట్టు, మోర్బిడ్ ఏంజెల్ వాళ్ల 1989 ఆల్బమ్ ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ అట్ట కూడా ఈ డాన్ చేతిదే.

మీకు తెలుసా? ఈ పాటల్లో తరచూ పరిగెత్తే ఒక డ్రమ్ దరువు పేరు డీ-బీట్. ఆ ‘డీ’ ఏమిటి? డెత్ కాదు! ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ డిశ్చార్జ్ పేరులో మొదటి అక్షరం!

సన్‌లైట్‌లోనే తయారైన మరో రంపం డిస్మెంబర్ బ్యాండ్ ఆల్బమ్. 1991లో వచ్చింది. బ్రిటన్ కస్టమ్స్ వాళ్లు ఆ రికార్డులను పట్టుకున్నారు, అశ్లీలమని కేసు నడిచింది. గెలిచింది ఎవరు? బ్యాండే!

అమెరికా సంగతో? డెత్ అనే బ్యాండ్ 1987లో ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ తెచ్చింది. అందులో గిటార్లు చక్ షుల్డినర్. బేస్ చక్ షుల్డినర్. గొంతు కూడా చక్ షుల్డినరే! డ్రమ్స్ ఒక్కటే క్రిస్ రైఫర్ట్‌వి. ఇద్దరే మనుషులు, అంత గోల!

మీకు తెలుసా? ఆ గర్జన మీ గొంతులోనూ ఉంది! స్వరతంత్రులకు కాస్త పైన మనందరికీ మరో జత మడతలు ఉంటాయి. మామూలు మాటల్లో వాటికి పెద్దగా పనుండదు. గర్జించేటప్పుడు కదిలేవి అవే. పుట్టినప్పటి నుంచీ మోస్తున్నాం, గర్జనకు మాత్రం వాడటమే లేదు!

ఇంత రక్తపాతం ఉన్న పాటలు వింటే మనసు బండబారుతుందా? ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 32 మంది అభిమానుల్ని, ఈ సంగీతం అలవాటు లేని 48 మందిని కూర్చోబెట్టారు. ఒక కంటికి హింస ఉన్న బొమ్మ, రెండో కంటికి మామూలు బొమ్మ చూపించారు. చెవిలో ఒకసారి స్వీడన్ బ్యాండ్ బ్లడ్‌బాత్ పాట, ఇంకోసారి ఫారెల్ విలియమ్స్ ‘హ్యాపీ’! 2019లో ఫలితాలు వచ్చాయి. హింస బొమ్మకు అభిమానుల మెదడు కూడా అందరిలాగే ఉలిక్కిపడింది. బండబారలేదు! ఈ పాటలు వింటే ఏమనిపిస్తుందని అడిగితే అభిమానులు చెప్పింది ఆనందం, ఉత్సాహం!

చివరగా ఒకటి. 2014లో స్వీడన్‌లోని యెవ్లె పట్టణంలో ‘క్లాండెస్టైన్’ ఆల్బమ్‌ని మళ్లీ వాయించారు. ఈసారి ఎంటూమ్డ్ వాళ్లతో పాటు వేదికెక్కింది ఎవరో తెలుసా? ఆ ఊరి సింఫనీ ఆర్కెస్ట్రా! అదీ ఒకటో రెండో పాటలు కాదు, ఆల్బమ్ ఆల్బమంతా!