బిడ్డ కొఱకు వ్రాయు విద్యా ప్రణాళిక: సంతకమునకు ముందు

పాఠశాలనుండి కబురు వచ్చును. "మీ అబ్బాయి చదువులో వెనుకబడుచున్నాడు. అతని కొఱకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక వ్రాయుచున్నాము. వచ్చి సంతకము చేయుడు." అది విని తల్లి కంట నీరు పెట్టుకొనుటయు, తండ్రి బిడ్డను దండించుటయు నేనెఱుగుదును. రెండును అనవసరములే. ఆ కాగితము తీర్పు కాదు. బిడ్డకు ఏది వచ్చును, ఏది రాదు, రానిదానిని ఎవరు, ఎట్లు, ఎన్నాళ్లలో నేర్పుదురు అని వ్రాసికొను ఒడంబడిక.

ఈ పద్ధతి అమెరికాలో 1975 నాటి చట్టముచే స్థిరపడినది. మన దేశమున 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. 1995 నాటి పాత చట్టమున లేని అభ్యసన వైకల్యము, అనగా తెలివి యుండియు చదువుట, వ్రాయుట, లెక్కించుటలలో కలుగు ఇబ్బంది, దీనియందు గుర్తింపబడినది. ప్రభుత్వ సహాయముగాని గుర్తింపుగాని గల పాఠశాలలు అట్టి పిల్లలకు వారి వారి అవసరములనుబట్టి తోడ్పడవలెను. అయితే ప్రణాళిక యెట్లుండవలెనో అమెరికా చట్టమువలె మన చట్టము వివరింపలేదు. కావున అడిగి తెలిసికొను భారము మనపై నెక్కువగా పడుచున్నది.

మొదట అడుగవలసినది: బిడ్డను ఏ భాషలో పరీక్షించిరి? తమిళనాట మన పిల్లలకు ఇంట తెలుగు, వీథిలో తమిళము, పుస్తకమున ఆంగ్లము. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. త, దలకును, ప, బలకును అంతే. తమిళాక్షరములు ముందు నేర్చిన బిడ్డ తెలుగున "గాలి"ని "కాలి" యని వ్రాసినచో అది లిపి చేసిన పని కావచ్చును. కన్నడసీమలో మఱొక చిక్కు: రెండు లిపులును అక్కచెల్లెండ్రవలె నుండుటచే పిల్లలు ఒకదాని అక్షరమును మఱొకదానిలో వ్రాయుదురు. నేనెఱిగిన యొక బాలుడు ఆంగ్లమున జరిగిన పరీక్షలో బొమ్మలు చూపినను నోరు మెదపలేదు. ఇంటికి వచ్చి అవే బొమ్మలకు పేర్లన్నియు తన అవ్వకు తెలుగున చెప్పినాడు. రోలు బొమ్మకు కథ కూడ చెప్పినాడు.

అట్లని ప్రతి తప్పును భాషపై నెట్టుటయు ప్రమాదమే. మాటలలో చురుకుగా నుండి, శ్రద్ధగా నేర్పినను, నేర్చిన యే లిపియందును చదువు సాగని బిడ్డకు ఆలస్యము కీడు. నిపుణుల పరీక్షకు వెనుదీయరాదు. వారికి ఇంటి భాషను గూర్చి ముందుగా తెలుపుడు.

రెండవ విషయము మనకు మఱింత ముఖ్యము. చట్టములోని 17వ విభాగము పరీక్షలో అదనపు కాలమును, వ్రాయసకానిని, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపును పేర్కొనుచున్నది. ఈ మినహాయింపు న్యాయమైనదే. కొందఱు పిల్లలకు ఊపిరి వంటిది. కాని "ఒక భాష తీసివేయుదము" అన్నప్పుడు తీసివేయబడునది తెలుగే యగునా? ఆ మాట ప్రణాళికలో స్పష్టముగా నుండవలెను. పదవ తరగతి పరీక్షకు ఏ భాషలు తప్పనివో, మినహాయింపునకు ఏ ధ్రువపత్రము కావలయునో వ్రాతమూలముగా అడుగుడు. తెలుగు వ్రాతనుండి బిడ్డకు విడుదల కావలసివచ్చినను, విని చెప్పు తెలుగును నిలుపుమని కోరవచ్చును. తాతతో మాటలాడు భాషను బిడ్డ పోగొట్టుకొననక్కఱలేదు.

సమావేశమునకు పోవునపుడు గడచిన సంవత్సరపు నోటుపుస్తకములు తీసికొనిపొండు. "చదువులో మెఱుగుపడును" అను వాక్యము ప్రణాళిక కాదు. "దీపావళి సెలవులలోపల క నుండి మ వఱకు గుణింతములు తప్పులేక చదువును" అనునది ప్రణాళిక. కాగితము మీకు రాని భాషలో నున్నచో చదివించి వినుడు. సందేహమున్నచో ఆనాడే సంతకము చేయనక్కఱలేదు. రెండు దినములు గడువడుగుట మర్యాదకు లోపము కాదు. ఒక ప్రతిని ఇంటికి తెచ్చుకొనుడు. మరల ఎప్పుడు చూచెదరో తేదీ వేయింపుడు, త్రైమాసిక పరీక్షల పిదప అయినచో మేలు. తేదీ లేని ప్రణాళికలు పెక్కుచోట్ల బీరువా అడుగున వేసవి సెలవులవఱకు నిద్రించుచుండును.