పాత కారునకు క్రొత్త షాకర్లు

స్త్రీలకు మోటారుకారు యంత్రముతో పనియేమి యని కొందరు పెద్దలు అడుగుదురు. ముందు కూర్చుండి నడుపువారికి దారి కనబడును. ఒడిలో బిడ్డను, ప్రక్కన అత్తగారిని పెట్టుకొని వెనుక సీటులో కూర్చుండు మనకు గుంత కనబడదు, దాని దెబ్బ మాత్రమే తెలియును. కావున బండి యెగురుచున్నదని ఇంటిలో మొట్టమొదట చెప్పునది ఇల్లాలే. ఆ మాటను వినువారు మాత్రము తక్కువ. మా యింటను అట్లే జరిగినది.

మాది 2012లో కరీంనగరమున కొన్న మారుతి 800. 1983లో మన దేశమున బయలుదేరిన ఆ చిన్న కారు తయారగుట 2014లో నిలిచిపోయినను మా ప్రాంతపు వీధులలో నేటికిని కానవచ్చుచున్నది. మా పెద్దమ్మాయి అత్తవారిది ఉట్నూరు. జగిత్యాల, ధర్మపురి గడచి, రాయపట్నము వంతెనపై గోదావరిని దాటి, లక్షెట్టిపేట, జన్నారముల మీదుగా కవ్వాల అడవిలో నుండి పోవలెను. ఆదిలాబాదు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారు నేల. దానిపై వేసిన రోడ్డు ఎంత బాగుచేసినను మరల అంచులు క్రుంగును. మంచిర్యాల, గోదావరిఖని వైపు బొగ్గు లారీల బరువు దానికి తోడగును. ఇట్టి దారులలో పదేండ్లకు పైగా తిరిగిన బండికి కీళ్ల నొప్పులు రాక మానునా?

ఒక వానకాలమున, ఐదవ నెల గర్భిణియగు అమ్మాయిని అత్తవారింట దిగబెట్టుటకు పోవుచుంటిమి. జన్నారము దాటిన పిమ్మట పశువుల మంద యొకటి చెట్ల నడుమ నుండి రోడ్డుమీదికి వచ్చినది. మావారు బ్రేకు నొక్కిరి. కారు ముందుభాగము నేలకు వంగి, వెనుకభాగము పైకి లేచి, చక్రములు తడిరోడ్డుపై గెంతుచు, ఒక దూడకు మూరెడు దూరమున ఆగినది. అమ్మాయి రెండు చేతులతో కడుపు పట్టుకొనెను. ఎవరికిని దెబ్బ తగులలేదు.

“రోడ్డు తడిగ ఉన్నది,” అని మావారు అనిరి.

“నాలుగు నెలలసంది మీకు చెప్తనే ఉన్న గదా, బండి ఎగురుతున్నదని,” అంటిని నేను.

షాకర్లు చెడినచో నడుము నొప్పియే గదా, ఓర్చుకొందమని పెక్కుమంది యనుకొందురు. ఆ దినము వరకు నేనును అట్లే తలచితిని. అసలు పని వేరు. కారు బరువును మోయునది స్ప్రింగు. గుంతలో పడినపుడు అది అణగి, తిరిగి లేచి, మరల అణగి, ఊయలవలె ఊగుచునే యుండును. ఆ యూపును ఆపునది షాక్ అబ్జార్బరు. దానినే మన మెకానిక్కులు షాకరు అందురు. గొట్టములో నూనె, ఆ నూనెలో చిన్న రంధ్రములుగల పిస్టను, ఇంతియే దాని మర్మము. మురుకుల గొట్టములో పిండి నొత్తినపుడు సన్నని రంధ్రముల గుండా అది మెల్లగానే దిగును; ఎంత తొందరపడి నొక్కిన అంతగా ఎదురు నిలుచును. నూనెయు అట్లే ఎదురు నిలిచి, ఊపును వేడిగా మార్చి చల్లార్చును. మా అమ్మమ్మ కచ్చురములో పోవుకాలమున గడ్డి పరచి, దానిపై బొంత వేసికొనెడిది. గడ్డికి కుదుపును మ్రింగుటయే గాని తిరిగి ఎగురవేయుట తెలియదు!

నూనె కారిపోయి షాకరు చచ్చినచో చక్రము నేలను విడిచి గెంతును. గాలిలో నున్న టైరును ఏ బ్రేకు ఆపగలదు? స్టీరింగు త్రిప్పినను అది వినదు. జన్నారము దారిలో మాకు జరిగినది అదియే.

ముందు చక్రముల వద్ద నుండునది వట్టి షాకరు కాదు, స్ట్రట్టు. స్ప్రింగు, షాకరు ఒక్క కంబముగా కూర్చబడి, చక్రమును నిలిపి పట్టుకొని, స్టీరింగుతో పాటు తానును తిరుగును. మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు పేర ఇది ప్రసిద్ధి చెందినది. 1950లో ఇంగ్లండులో ఫోర్డు కంపెనీవారు కాన్సల్, జెఫైర్ అను కార్లలో దీనిని ప్రదర్శించిరి. చిన్న కార్లకు చోటు కలిసివచ్చుటచే తరువాత లోకమంతట వ్యాపించినది. అంబాసిడరు నడిపిన యిండ్లవారికి ఇది క్రొత్త; దానికి వెనుక లారీలకువలె కమాను పట్టాలే యుండెడివి.

మరునాడే మావారు కారును ఒక షెడ్డునకు తీసికొనిపోయిరి. నేనును వెంట పోతిని. అచ్చటి మేస్త్రీ వంగి చూచి, “ఎడమ దిక్కుదొక్కటే నూనె కారుతుందమ్మా. గదొక్కటి మారిస్తె అయిపాయె,” అనెను. ఖర్చు తగ్గునని సంతసించితిమి. నెల తిరుగకుండ, బ్రేకు వేసిన ప్రతిసారి కారు ఒక ప్రక్కకు గుంజసాగెను. ఒకవైపు క్రొత్త బిగువు, మరొకవైపు పాత సడలింపు. ఒక కాలికి చెప్పు తొడిగి నడచినట్లు. షాకర్లను ఎన్నడును జతగానే, ఎడమ కుడి కలిపి, మార్చవలెనని అప్పుడు నేర్చుకొంటిమి.

చెడినవని ఎట్లు తెలియును? కారు మూలను రెండు చేతుల బలముగా నొక్కి విడిచినచో ఒకసారి లేచి నిలువవలెను. రెండు మూడుసార్లు ఊగినచో పని అయిపోయినట్లే. అయితే సగము చెడినది ఈ పరీక్షలో తప్పించుకొనును. గొట్టముపై తడి నూనెకు దుమ్మంటి మడ్డికట్టుట, టైరు చుట్టును అచ్చటచ్చట పల్లములు పడి అరుగుట, బ్రేకు వేయగా ముక్కు వంచుట, ఇవియు చూడవలెను. టైరును చేతితో తడిమినచో పల్లములు తెలియును. మా టైర్లకు అవి ఎన్నాళ్లనుండి యున్నవో!

ఈ పాత బండికి ఇంత ఖర్చు దేనికి, అమ్మివేయుదమని మావారి యభిప్రాయము. పదునైదేండ్ల రిజిస్ట్రేషను 2027 వరకు కలదు. పిదప ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గినచో ఐదేండ్లకు పొడిగింతురు. ఇంజను బాగున్నది. అమ్మాయిని కాన్పునకు తేవలసినది ఈ కారులోనే. నా మాట నెగ్గినది.

కారు కంపెనీ పెట్టెలోనివే కొననక్కరలేదు. 1961లో మన దేశమున స్థాపింపబడిన గాబ్రియల్ వంటి సంస్థలు తమ పేరనే విడిగా అమ్ముచున్నవి. అయితే బండి తయారైన సంవత్సరము, మోడలు చెప్పి, పెట్టెపై నెంబరు సరిచూచుకొని, బిల్లుతో కొనవలెను. పాత షాకరునకు రంగువేసి, నూనె నింపి, క్రొత్తదిగా నమ్మువారును గలరు. నూనెతో పాటు నత్రజని వాయువు నింపినవియు దొరకును. గతుకుల దారిలో చాలసేపు పోయినను వానిలో నూనె నురుగు కట్టుట తక్కువ. ఉట్నూరు దారికి మేము వానినే ఎంచితిమి. మరీ గట్టివి వేయింపుమని దుకాణదారు చెప్పెను గాని నేను ఒప్పుకొనలేదు. పాత మెత్తని స్ప్రింగునకు మితిమీరిన గట్టి షాకరు తగిన జోడు కాదు. వెనుక కూర్చుండు గర్భిణికి అసలే తగదు. కారు ఎత్తు పెంచుటకు స్ప్రింగు క్రింద దిమ్మలు పెట్టించుటయు నాకు నచ్చని పనియే.

బిగించునపుడు నేను దగ్గర నిలిచితిని. ఈమారు వేరొక షెడ్డు. స్ట్రట్టు విప్పుటకు ముందు స్ప్రింగును కంప్రెసరుతో అణచి పట్టవలెను. అణగియున్న స్ప్రింగు జారినచో మనిషి ప్రాణమునే తీయగలదు. పురికొసతోనో తీగతోనో కట్టి విప్పువాని చేతికి మీ బండి నీయకుడు. కారు క్రింద జాకీ ఒక్కటే చాలదు, స్టాండు ఉండి తీరవలెను. ఆ మేస్త్రీ క్రొత్త షాకరును నిలువుగా పట్టుకొని నాలుగైదుమార్లు లాగి, నొక్కి, లోనిగాలి వెడలించి, పిదపనే కూర్చెను. మెరయు కడ్డీని పట్టకారుతో పట్టలేదు. గీత పడినచో అది సీలును కోసి నూనె కార్చును. పైనున్న రబ్బరు మౌంటు, బేరింగు, దుమ్ము తొడుగు కూడ మార్పించితిమి. వెనుకవాని పని త్వరగనే ముగిసినది. రబ్బరు బుష్షుల బోల్టులను కారు చక్రములపై నిలిచిన తరువాతనే కడసారి బిగించెను. గాలిలో వ్రేలాడునపుడు బిగించినచో రబ్బరు మెలిపడి త్వరలో చిరుగునట. స్ట్రట్టు విప్పిన పిదప చక్రముల వరుస తప్పును గనుక అచ్చటినుండి తిన్నగా అలైన్‌మెంటునకు పోతిమి.

ఏడవ నెలలో అమ్మాయిని తెచ్చుటకు పోయినపుడు మా అత్తగారును వచ్చిరి. తిరుగుదారిలో అడవిలోని స్పీడ్ బ్రేకర్లపై కారు ఒక్కొకసారి లేచి, దిగి, నిలకడగా సాగినది. అమ్మాయి నా భుజముపై తలవాల్చి జన్నారము రాకమునుపే నిద్రపోయెను. రాయపట్నము వంతెన యెక్కగానే అత్తగారు కొంగుముడిలోని రూపాయి తీసి, కిటికీ అద్దము దింపుచు, “గోదారి గింత జల్దిన వచ్చిందా?” అనిరి.